వీపు కింద చేయి

దేవరయాంజాల్,
11 నవంబర్ 2025, మంగళవారం.

మా అన్న బాలేష్‌కు,

చెల్లెలు స్రవంతి దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, పార్వతీదేవి వదిన, మీ బిడ్డ అశ్రిత మంచిగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా ఆయన, సన్నీ, నాయిన, నేను అందరం బాగానే ఉన్నాం. కంపెనీలో నా డ్యూటీ ఎప్పటిలాగే సాగుతోంది.

ఆరేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నా నంబరు నీ ఫోన్‌లో మోగదు. వేరే నంబరుతో చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. కాగితమైతే చించడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా, అప్పుడు ఒక్క వరుసైనా కంటపడుతుంది. అందుకే అసలు వరుస ముందే రాసేస్తున్నాను. ఆ రోజు నేనన్న మాట తప్పు అన్నా.

ఏ మాటో నీకు గుర్తు చేయనక్కరలేదు. కానీ నేను మళ్లీ ఒకసారి రాసుకోవాలి. అమ్మ సంవత్సరీకం నాడు నువ్వు బంతిలో వడ్డిస్తున్నావు. కూర ఆలస్యమైందని నాయిన అందరి ముందు నీ మీద గదమాయించి, పాత రోజుల్లోలాగా చేయి లేపాడు. నువ్వు గిన్నె నేలకేసి కొట్టావు. చిన్నప్పటి దెబ్బలన్నీ ఏ రోజు, ఏ కట్టెతో అన్నంత వివరంగా ఆయన మొహం మీదే చెప్పడం మొదలుపెట్టావు. చుట్టాలంతా విస్తళ్లలోకి తలలు దించుకున్నారు. నాకు సిగ్గేసింది. నీ బాధకు కాదు, నాయిన పరువు పోతున్నందుకు.

"ఇద్దరం ఒక్క ఇంట్లనే పెరిగినం గదా. నాకు లేని బాధ నీకేంది?" అన్నాను.

నువ్వు నా వైపు చూసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయావు. వదిన అశ్రితను చంకనేసుకుని నీ వెనక పరుగెత్తింది.

ఇన్నేళ్లూ నేను నా మాటే సరైనదనుకున్నాను. కష్టం వస్తే నేను తట్టుకుంటాను, నువ్వు తట్టుకోలేవు, అది నీ లోపం అనుకున్నాను. పోయిన నెల ముప్పయ్యో తారీఖు దాకా అలాగే ఉన్నాను.

జీడిమెట్లలో నేను మందులు తయారుచేసే కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జినని నీకు తెలుసు కదా. ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు, రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్ల పంపు ఆగిపోయింది. రియాక్టర్ అంటే మనిషికి రెండింతల ఎత్తున్న ప్రెషర్ కుక్కర్ అనుకో. లోపల వేడి నిమిష నిమిషానికి ఎక్కుతోంది. సైరన్ మోగగానే అందరినీ బయటికి పంపించాను. శ్రీజ అని కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం ఒక వాల్వ్ పట్టుకుని బిగుసుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలుస్తుంటే వినబడటం లేదు. నేను వెనక నుంచి వెళ్లి ఆమె వీపుకు అరచేయి ఆనించాను. ముందు ఊపిరి వదలమని, తీసుకోవడం సంగతి తర్వాత చూద్దామని చెప్పి, పది దాకా ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఎనిమిది దగ్గర ఆమె చేయి వాల్వ్ వదిలింది. ఆమెను బయటికి పంపి, రెండో పంపు నేనే నడిపించాను. ఇరవై నిమిషాలకు వేడి దిగింది. ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు.

సాయంత్రం మేనేజర్ పిలిచి, అంత నిదానం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాడు. శామీర్‌పేట చెరువులో, మా నాయిన దగ్గర అని గర్వంగా చెప్పాను.

నాకున్న అన్నిటికంటే పాత జ్ఞాపకం అదే అన్నా. ఐదేళ్లుంటాయేమో. నీళ్ల మీద వెల్లకిలా పడుకున్నాను. ఎండ పడకుండా కళ్లు గట్టిగా మూసుకున్నాను. వీపు కింద ఒక అరచేయి ఉంది. కాళ్లు కొట్టొద్దని, నీళ్లే మోస్తాయని, ముందు ఊపిరి విడవమని ఒక గొంతు చెబుతోంది. పరీక్ష హాల్లో, సన్నీ కాన్పప్పుడు, అమ్మ పోయినప్పుడు, ఎప్పుడు గుండె జారినా నేను ఆ అరచేయినే తలుచుకుని నిలదొక్కుకున్నాను. ఈత మీ నాయినే నేర్పిండని అమ్మ చెప్పేది. చేపలు పట్టే మనిషి కదా, నాకు అనుమానమెందుకు వస్తుంది?

ఆ రోజు ఇంటికి రాగానే, అన్నం తింటున్న నాయినకు జరిగిందంతా చెప్పి, ఇదంతా నీ చలువే నాయినా అన్నాను. మురిసిపోతాడనుకున్నాను. ఆయన చేయి కడుక్కుని లేచిపోయాడు.

తెల్లారి వాకిట్లో వల కుట్టుకుంటూ కూర్చున్నాడు. చేపల సొసైటీ వాళ్ల వలలు చినిగితే ఇప్పటికీ ఆయనే బాగుచేస్తాడు. నేను చాయ్ ఇస్తే తీసుకోలేదు. తలెత్తకుండానే అన్నాడు.

"అది నేను గాదు బిడ్డా. మీ అన్న."

ఆ తర్వాత చెప్పిందంతా నీకు తెలిసిందే. నాకు మాత్రం కొత్త. నాకు ఐదారేళ్లున్న ఆ రెండేళ్లూ తాను జీడిమెట్లలో వాచ్‌మన్‌గా ఉండి, ఆదివారం ఆదివారం తాగి వచ్చేవాడినని చెప్పాడు. వచ్చీరాగానే అమ్మ మీద పడేవాడట, అడ్డం వస్తే నిన్ను కొట్టేవాడట. పన్నెండేళ్లవాడివి, కరీంనగర్ రోడ్డు మీద ఆయన బస్సు దిగడం చూసి, నన్ను ఎత్తుకుని చెరువుకు ఉరికేవాడివట. ఇంట్లో అరుపులు నా చెవిన పడకుండా పొద్దుగూకే దాకా నీళ్లలో ఆడించేవాడివట. తిరిగి వచ్చాక, పిల్లను ఎందుకు తీసుకుపోయావని దానికి కూడా దెబ్బలే. నా ఈత చదువంతా ఆదివారాలే ఎందుకు జరిగిందో ముప్పై మూడేళ్లకు తెలిసింది నాకు.

మరి నీకు ఈత ఎవరు నేర్పారని అడిగాను. నీకు ఏడేళ్లప్పుడు తెప్ప మీద నుంచి నిన్ను నీళ్లలోకి తోసేశాడట. నువ్వు మునుగుతూ తేలుతూ ఒడ్డు పట్టుకుంటే తాను నవ్వాడట. చెప్తూ చెప్తూ వల పక్కన పెట్టేశాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన తాగుడు మానేశాడు. సైకిల్ మీద నన్ను బడికి దింపిన నాయిన, జ్వరమొస్తే తలాపున కూర్చున్న నాయిన ఆ తర్వాతి మనిషి. అప్పటికి నీకు పదిహేనేళ్లు. నువ్వు ఇంట్లో అన్నం తినడం మానేసి మేడ్చల్‌లో వెల్డింగ్ పనిలో చేరిపోయావు. ఇల్లు ఒక్కటే అన్నా, నాయిన ఒక్కడు కాదు. నాకు దొరికినవాడు నీకు దొరకలేదు. కనీసం పిల్లయినా తండ్రిని ప్రేమించాలని అమ్మ ఆ ఈత అబద్ధం చెప్పిందట. నాయిన కాదనలేదు, ఆ మాట వినడం బాగుండేదట.

నిన్ను రమ్మని అడగడం లేదు ఆయన. నాతో అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"వాడు రాకున్నా మంచిదే. వాడు జేసిన మంచి నా పేరు మీద ఉంటే నాకు బువ్వ లోపటికి పోతలేదు."

మొన్న ఆదివారం పెద్దమ్మ మనుమరాలిని తొట్టెలలో వేసే వేడుకకు పోయాం. ఆ రోజు విస్తళ్ల ముందు తలలు దించుకున్న చుట్టాలంతా వచ్చారు. భోజనాలు కాగానే నాయిన లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకున్నాడు.

"ఆ దినం బాలేష్ చెప్పినయన్ని నిజమే. వాడు ఇంక తక్కువనే చెప్పిండు," అన్నాడు.

పెద్దమ్మ వచ్చి నీళ్లిచ్చింది. అంతకంటే పెద్దగా ఏమీ జరగలేదు, కానీ నువ్వు లేని చోట నీ మాట నిలబడింది. అది నీకు తెలియాలి.

ఇంకో సంగతి. పోయిన గురువారం మేడ్చల్ కూరగాయల మార్కెట్లో వదిన కనిపించింది. నేనే వెంటపడి మాట్లాడించాను, ఆమెను ఏమీ అనకు. రాత్రిళ్లు నీకు నిద్ర పట్టడం లేదని, షెడ్డుకొచ్చిన గిరాకీ గొంతు పెంచితే చేతిలో పని వదిలేసి వెళ్లిపోతావని, అట్లా రెండు పెద్ద పనులు చేజారాయని చెప్పి కళ్లు తుడుచుకుంది. కోపం వస్తే ఇంట్లో ఉండవట, రైల్వే స్టేషన్ దాకా నడిచిపోయి అక్కడి బెంచీ మీద కూర్చుంటావట. తిరిగి వచ్చాక చెప్పులు విడవకముందే అశ్రిత దగ్గరకు పోయి, కోపం నీ మీద గాదు బిడ్డా అని చెబుతావట. పదేళ్లలో ఒక్క దెబ్బ వేయలేదట ఆ పిల్ల మీద.

వదిన అదంతా నీ బలహీనతగా చెప్పింది. నాకు అట్లా వినబడలేదు. ఆ నిదానం నాకు ఒకరు నేర్పితే వచ్చింది, నువ్వు నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. అశ్రిత రేపు పెద్దయ్యాక కష్టమొస్తే ఏం తలుచుకుంటుందో నాకు తెలుసు.

మేడ్చల్‌లో ఒక డాక్టరమ్మ ఉందట. నిద్రపట్టని వాళ్లను, లోపల బరువు మోసేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుందట. వదిన నీ పేరు మీద చీటీ కూడా రాయించి పెట్టుకుంది, నీకు చెప్పడానికి భయపడుతోంది. పిచ్చి ఉంటేనే పోవాలని ఏమీ లేదన్నా. నువ్వు ఒక్కడివే ఇంత దూరం వచ్చావు, ఇక ముందు ఒక్కడివే పోనక్కరలేదని చెబుతున్నాను, అంతే.

ఎప్పుడైనా మా ఇంటికి రావాలనిపిస్తే రా. నాయిన ఎదురుపడటం నీకు ఇష్టం లేకపోతే ఆ పూట తాను గుడి అరుగు మీద కూర్చుంటానన్నాడు. అలిగి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

అశ్రితకు ముద్దులు. వదినకు దండాలు.

నీ చెల్లెలు,
స్రవంతి

తా.క.: అన్నా, డ్యూటీ సాగుతోందని రాశాను. అది అబద్ధం. సైరన్ మోగిన మరునాటి నుంచి నేను కంపెనీ లోపల అడుగుపెట్టలేదు. నాయిన మాటకు కదిలిపోయానో, భయమే ఆలస్యంగా పట్టుకుందో తెలియదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరుతాను, గేటు కనబడగానే వెనక్కి తిరుగుతాను. సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చుని ఇంటికి వస్తాను. మా ఆయనకు తెలియదు. పది కాదు, వంద లెక్కపెట్టినా ఈసారి ఆ భయం ఆగడం లేదు. నిన్ను ఓదార్చడానికే ఇంత రాశానని నన్ను నేను నమ్మించుకున్నాను కానీ, నాకే నువ్వు కావలసి వచ్చింది.

ఈ నాలుగు ముక్కలు నీ వెల్డింగ్ షెడ్డు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు ట్రాక్టర్ ట్రాలీ కింద పడుకుని పని చేస్తున్నావు, నీ కాళ్లు మాత్రం కనబడుతున్నాయి. ఉత్తరం నీ పక్కన పెట్టి మళ్లీ ఇక్కడికే వచ్చి కూర్చుంటాను. రేపు పొద్దున ఆరు గంటలకు నా షిఫ్ట్. గేటు దాకా నాతోటి వస్తవా అన్నా?