సున్నపు మడి

కోసిగి,
1958 జూన్ 4, బుధవారం.

చిరంజీవి ఆనందానికి,

కోసిగి నుంచి నీ అన్న దాసన్న మనసారా దీవించి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నేను, మీ వదిన, ఎండను కొలిచే మన ఎండపెట్టె ముగ్గురం క్షేమమనే అనుకో. ఆ మంచుదీవిలో నువ్వూ, నీ దగ్గరున్న జంటపెట్టె కూడా క్షేమంగా ఉండాలని దేవుణ్ణి కోరుకుంటున్నాను.

‘రాయిస్తున్న’ అనే మాట చూసి కంగారుపడకు. మాటలు నావి, అక్షరాలు మీ వదినవి. నేను మంచం మీద పడుకుని చెబుతుంటే రామేశ్వరమ్మ గడప దగ్గర వెలుతురులో కూర్చుని రాస్తోంది. ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా పోవు. నేను చెప్పినది మానేసి తనకు తోచింది రాస్తుందేమోనన్నదే నా భయం. ఈ మాట చెప్పగానే కలం ఆగింది. మూతి ముడిచిందన్నమాట.

ముందు పని సంగతి చెబుతాను. పోయిన ఏడాది చౌడు చేలో మనిద్దరం అరెకరం నేల చదును చేయించి సున్నం చల్లించిన రోజు గుర్తుందా? మంచు లేని ఊళ్ళో మంచుకు బదులు సున్నం! పైకి చూసే గాజుబుడ్డి పడే ఎండను పట్టుకుంటుంది, కిందికి చూసేది నేల తిప్పికొట్టే ఎండను పట్టుకుంటుంది, రెంటి లెక్కా సూది చెబుతుంది. అది చూసి కూలికొచ్చిన హంపమ్మ, “ఈడ తాగను నీళ్ళు లేకపోతే ఎండను కొలుస్తాండారేమప్పా, అదేమన్నా తక్కువ పడిందా?” అన్నదానికి మనం పొట్ట పట్టుకుని నవ్వాం. తర్వాత నువ్వు ఒక పెట్టె తీసుకుని ఉత్తర ధ్రువం వైపు ఓడెక్కావు. రెండోది నాకు మిగిలింది. ఒకే నెలల్లో అక్కడ మంచు మీద, ఇక్కడ సున్నం మీద కొలవాలని పై ఆఫీసు ఉత్తర్వు. మార్చి మొదటి తేదీ నుంచి మే పదిహేను దాకా పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అరగంటకోసారి సూది చూశాను. ఒక్క పూట కూడా తప్పలేదు. సున్నం నూటికి డెబ్బై తిప్పికొట్టింది. నీ కొత్తమంచు ఎనభై అయిదు కొడుతోందని నువ్వు రాసినప్పుడు నాకు కొంచెం కుళ్ళుగానే అనిపించింది.

కానీ ఆనందం, ఆ మడి మంచిది కాదు. ఒక్క కాకి కూడా దాని మీద వాలగా నేను చూడలేదు. అడ్డంగా పోతే గుట్టకు దగ్గర దారి, అయినా మేకల మంద గట్టు వెంట చుట్టూ తిరిగిపోయేది. నేను నవ్వితే హంపమ్మ నవ్వలేదు. “నోరులేనివి ఆడ కాలు పెట్టలేదంటే ఏదో ఉండాదప్పా. నువ్వు శానాసేపు ఆడ నిలబడొద్దు” అంది. ఆమె, ఆమె కొడుకు సుంకన్న పొద్దు పొడవకముందే వచ్చి, కొత్త సున్నం చల్లి, పారతో సర్ది, పొద్దు బారెడెక్కేలోపు ఇంటికి పోయేవాళ్ళు. ఇక రోజంతా ఆ తెలుపులో నేనొక్కణ్ణే.

ఏప్రిల్ నడిమికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండేది. రాత్రి మూసుకుని పడుకుంటే తగ్గేది, తెల్లారి మళ్ళీ పోయేవాణ్ణి. మీ వదిన నందివర్ధనం పూలు తడిపి కళ్ళ మీద పెట్టేది. మే నెల వచ్చేసరికి కళ్ళు మూసుకున్నా తెలుపే. తమాషా ఏమిటంటే, తెల్లకంచంలో వరి అన్నం పెడితే కనబడేది కాదు, రాగిసంగటి పెడితే ముద్ద ఎక్కడుందో తెలిసేది. అప్పటికీ నేను పరిహాసమే ఆడాను. నాకు భయం వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నిన్న ఈ ఉత్తరం నేనే రాద్దామని కూర్చున్నాను. మూడు వరుసలు రాశాననుకున్నాను. మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయట. మీ వదిన మొదట నవ్వింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

ఇక అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువుకో.

మార్చిలో నువ్వు నన్నొక మాట అడిగావు. అక్కడ దొరలందరూ నల్లద్దాలు పెట్టుకునే బయటికి వస్తారని, వాటితో సూది సరిగ్గా కంటికి ఆనడం లేదని, తీసేసి చూడవచ్చునా అన్నా అని. నేనేం జవాబు రాశానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ‘అద్దాలు పిల్లికళ్ళ దొరలకు. బద్వేలు ఎండలో పుట్టినవాడివి, నీకెందుకురా? వేడి లేని వెలుగు ఏం చేస్తుంది? నేను ఇక్కడ నిప్పులాంటి ఎండలో ఉత్త కళ్ళతో చూడటం లేదా?’ అని రాశాను. రాసి, బాగా రాశానని మీ వదినకు చదివి కూడా వినిపించాను. మన సీమలో అందరం చేసే తప్పే అది. ఒళ్ళు కాల్చేదే ఎండ అనుకుంటాం, చల్లని ఎండ మనల్ని ఏం చేయలేదనుకుంటాం. నువ్వు నా మాట కాదనవు. నా దిగులంతా అదే.

ఆదోని డాక్టరు నా కళ్ళు చూసి సున్నపు దుమ్ము కాల్చిందన్నాడు. నువ్వు నమ్మవుగానీ ఆ మాటకు నాకు ప్రాణం లేచివచ్చింది. మంచులో సున్నం లేదు కదా, మా ఆనందానికేం కాదులే అనుకుంటూ రైలెక్కాను. నాలుగు రోజులకు హంపమ్మ నన్ను చూడవచ్చింది. నీ కళ్ళెట్లున్నాయమ్మా అని అడిగాను. “నా కండ్లకేమప్పా, సూదిలో దారం ఎక్కిస్తాండా. మా సుంకన్నకీ ఏం కాలేదు” అంది. రెండున్నర నెలలు చేత్తో సున్నం చల్లినవాళ్ళ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. దుమ్మంతా అణిగాక దూరంగా నిలబడి సూది చూసినవాడి కళ్ళకే వచ్చింది. అంటే సున్నం కాదురా. వెలుగే.

ఆ సాయంత్రం నుంచి నాకు అన్నం సయించడం లేదు.

పోయిన శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. మీ వదిన దాన్ని గడప దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు తనలో తాను చదువుకుని, తర్వాత నాకు వినిపించింది. నీ గొలుసురాతకు ఎప్పుడూ తడబడే మనిషి ఈసారి ఒక్కచోట కూడా ఆగలేదు. నువ్వు క్షేమమని, తిండి బాగుందని, పొద్దు గూకడమే లేదని, సూది చక్కగా కనబడుతోందని రాశావట. ‘చక్కగా కనబడుతోంది’ అన్న మాట మళ్ళీ చదివించుకున్నాను. అద్దాలు పెట్టుకుంటే కనబడదన్నవాడికి ఇప్పుడు చక్కగా ఎలా కనబడుతోంది? నా మాట పట్టుకుని తీసేశావన్నమాటే.

తీసేయవద్దు. నేను రాసింది తప్పు, గర్వంతో రాశాను. నాకైనా రాత్రిళ్ళు ఉండేవి, కన్ను కాస్త తెరిపిన పడేది. నీకు అదీ లేదు. ఈ ఉత్తరం అందిన క్షణాన్నే నల్లద్దాలు పెట్టుకుని లోపలికి పోయి తలుపేసుకో. సూది కనబడకపోతే కనబడకపోనీ, లెక్కలు ఆగిపోతే ఆగిపోనీ. పై ఆఫీసుకు తప్పు నాదేనని రాస్తాను. నేను నీకు తోడబుట్టినవాణ్ణి కాకపోయినా, నిన్ను ఎలా పంపానో అలాగే మీ అమ్మ ఓబులమ్మగారికి అప్పగించాలి. ఆమె ముందు నిలబడి వేరే మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

తెలుగు మాట వినే దిక్కులేక నాలుక ఎండిపోతోందని రాస్తుంటావు కదా, వచ్చెయ్యి. హంపమ్మ నీకు తిట్లతో సహా వినిపిస్తుంది.

ఇట్లు,
నీ మేలు తప్ప వేరే ఏమీ కోరని అన్న,
దాసన్న

(సంతకం నా చేతిదే. గీత దాటిపోతే ఏమనుకోకు.)

తాజాకలం: నాయనా ఆనందం, ఇది మీ వదిన రాస్తున్నది. మీ అన్నకు చెప్పలేదు. ఆయన కునుకు తీస్తున్నాడు. ఆయన కళ్ళు ఇక రావని ఆదోని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. ఆ మాట ఆయనకింకా చెప్పలేదు. నీకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. శుక్రవారం వచ్చిన నీ ఉత్తరం నేను చదవలేదు. చదవలేకపోయాను. కవరు మీద అడ్రసు ఎవరో దొర రాసినట్టుంది. లోపల రాత నీదే, కానీ ఒక వరుస మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి ఎక్కి ఉన్నాయి. ఎంత తిప్పి చూసినా ‘అన్నా’ అన్న మాట, ‘అంతా తెలుపు’ అన్న మాట, ఈ రెండే తెలిశాయి. మీ అన్నకు వినిపించిందంతా నేను అల్లి చెప్పిందే. ఆయన తల్లడిల్లకూడదని చెప్పాను. నిన్న ఆయన రాసిన మూడు వరుసలు చూశాక, నీ ఉత్తరం తీసి పక్కన పెట్టుకున్నాను. రెండూ ఒకే తీరుగా ఉన్నాయి నాయనా.

ఆ దీవిలో తెలుగు చదివేవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ లేరని నువ్వే రాశావు. మరి ఇదంతా నీకెవరు చదివి పెడతారు? బొంబాయి మెయిలుకు ఇంకా గంట ఉంది. స్టేషను మాస్టరు దగ్గరికి పోయి కవరు మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయిస్తాను, ఈ పిల్లవాడి కళ్ళకు గుడ్డ కట్టి లోపల కూర్చోబెట్టండి అని. ఏం రాయించావని మీ అన్న అడిగితే, అడ్రసేనని చెబుతాను.