సోని అడిగిన డౌట్

12 జులై 2007, గురువారం

ఇయ్యాల క్లాసుల అబద్ధం చెప్పిన.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ వాళ్లకు జామెట్రిక్ ఫేజ్ మొదలుపెట్టిన. పారామీటర్లను మెల్లగ ఒక చుట్టు తిప్పి మొదలైన కాడికే తెస్తే, స్టేట్ మళ్ల అదే స్టేట్ అయితది, కానీ దానికి ఒక ఫేజ్, అంటే అల ఎంత జరిగిందో చెప్పే కోణం, ఎక్కువ చేరుతది, అది తిరిగిన దారి ఆకారాన్ని బట్టి ఉంటదని చెప్పిన. సోని లేచింది. ములకలపల్లి దిక్కు తండా పిల్ల, ఎన్నడూ నోరు తెరువదు. మొత్తం స్టేట్‌కున్న ఫేజ్ ఏ కొలతకూ దొరకదని పోయినేడు మీరే చెప్పిన్రు గద, మరి దీన్నెట్ల కొలిచిన్రు అనడిగింది.

అది అడ్వాన్స్‌డ్ టాపిక్, ఎగ్జామ్‌ల రాదు అన్న. అందరు నవ్విన్రు. ఆమె కూసుంది.

నాకు తెల్వదు. మూడేండ్ల సంది ఇదే చాప్టర్ చెప్తున్న.

16 జులై

సోని రాలే.

19 జులై, సాయంత్రం 6

ఇయ్యాల గూడ రాలే. నా వల్లనే అనిపిస్తున్నది. హెచ్‌ఓడీ రాంబాబు సార్‌కు సంగతి చెప్పిన. డౌట్లు తర్వాత, ముందు సిలబస్ కానియ్ అన్నడు. బుధవారం నా క్లాసుల కూసుంటడట. నాలాంటి గెస్ట్ లెక్చరర్లల్ల ఎవర్ని ఉంచాల్నో అప్పుడే రాస్తడు.

నెట్ సెంటర్ల రెండు రీసెర్చ్ పేపర్లు ప్రింట్ తీసుకున్న. రెండోది చదువుతుంటే సోని డౌట్‌కు జవాబు దొరికింది. కిరణాన్ని రెండు పాయలు చేసిన్రు. ఒక పాయను చుట్టు తిప్పిన్రు, ఇంకోదాన్ని తిప్పలే. మళ్ల కలిపిన్రు. రెండిటి నడుమ తేడా ఫ్రింజ్‌లు, అంటే తెర మీది వెలుగు చీకటి గీతలు, జరగడంల కనబడుతది. ఒక్కదాన్నే తిప్పి తెస్తే పోల్చనీకి ఏం ఉండదు. గింతే. డెరివేషన్ మొత్తం నోటికొస్తది. ఈ ముక్క నన్నెవరు అడగలే, నేను ఎవర్ని అడగలే.

22 జులై, ఆదివారం

నిన్న కాలేజీ ఆఫీసుల అడ్రస్ తీసుకొని, ఇయ్యాల కొత్తగూడెంల బస్సు మారి సోని వాళ్ల తండాకు పోయిన. సోని పత్తి చేన్ల కలుపు తీస్తున్నది. వాళ్ల నాయన దేవ్లా అశ్వారావుపేటల ఆయిల్‌పామ్ గెలలు ఎత్తుతుంటే ట్రాక్టర్ మీదికెల్లి పడ్డడట. కాలు ఇరిగి దవాఖానాల ఉన్నడు, అమ్మ జమ్లి ఆయన దగ్గర. అందుకే రాలే. నేనేమో వారం రోజులు అంత నా గురించే అనుకున్న. సిగ్గయింది.

గట్టు మీద కూసొని, ఆ రోజు నాకు జవాబు తెల్వదని చెప్పిన.

"నాకు తెలుసు మేడం," అన్నది. "మీరు జల్దీ బోర్డు దిక్కు తిరిగిన్రు."

తడి మట్టిల పుల్లతోని రెండు దార్లు గీసి చూపిన. చాన సేపు చూసింది. తిరిగొచ్చిన పాయకు ఎనర్జీ వల్ల, టైం వల్ల వచ్చే మామూలు ఫేజ్ గూడ ఉంటది గద, రెండిటిని ఎట్ల ఇడదీస్తరు అనడిగింది. తెల్వదన్న. ఈసారి ఆమె ముఖం చూసే అన్న. నవ్వింది. లేచి మళ్ల కలుపు పట్టింది.

25 జులై, బుధవారం

రాంబాబు సార్ ఎనక బెంచి మీద. సోని వచ్చింది; చేనుకాడ వాళ్ల మేనత్త ఉన్నదట. పన్నెండో తారీఖు సోనికి నేను చెప్పింది జవాబు కాదు, అప్పుడు నాకు తెల్వదు అని మొదలుపెట్టిన. ఎవరు నవ్వలే. రెండు పాయలు బోర్డు మీద గీసిన. ఆమె కొత్త డౌట్ గూడ ఆమె పేరుతోనే రాసి, కింద ఖాళీ ఇడిచిపెట్టిన. సార్ నోట్‌బుక్‌ల ఏదో రాసుకొని పోయిండు.

27 జులై

అందరు పోయినంక సార్ స్టాఫ్ రూంకు వచ్చిండు. వచ్చే ఏడు గూడ క్లాసులు నాకే అన్నడు. అయినా పోలే. తలుపు దగ్గరికేసిండు. ఆ రెండు పాయలు మళ్లొకసారి, మెల్లగ గీయమన్నడు. కుర్చీ ముందుకు జరుపుకొని పెన్ను మూత తీసిండు.