టిఫిన్ డబ్బాల్లో దిబ్బమన్ను

నాయనా,

నువ్వు లేవని, ఇది చదవవని తెలిసే రాస్తున్నాను. నేల పాఠం కోసం ఇంటి దగ్గరి మట్టి తెమ్మని ఐదో తరగతి పిల్లలకు చెప్పాను. ఈ రోజు అందరి టిఫిన్ డబ్బాల్లోనూ బంగారం తీసుకున్నాక గనివాళ్లు వదిలిపోయిన సైనైడ్ దిబ్బ మన్నే ఉంది. ఎగురుతుందని ఫ్యాన్ ఆపేశాను.

"మా ఇంటికాడ ఇదే ఉండాది మిస్. మెత్తగా ఉంటాదని దీంట్లోనే ఆడుకుంటాము," అంది ఒక పాప, వేళ్లు గౌనుకు తుడుచుకుంటూ.

గని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే ఇక బయటికి రాదని పదో తరగతికి నీ గని రోజుల నాటి ఎక్స్‌రే చూపించి చెప్తుంటాను. ఈ చిన్నవాళ్లకు ఎలా చెప్పాలి? అందరిచేతా చేతులు కడిగించాను.

బోర్డు వైపు తిరిగి రాస్తుంటే వెనక ఎవరో దగ్గారు, అచ్చం నువ్వు దగ్గినట్టే. ఎవరో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. రాస్తూనే ఉన్నాను.