టోపీ పట్టుకునే మనిషి

ఎటెల్కాకు గెర్గెయ్ దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, కోడిపుంజు, షెడ్డులో బాగుచేసి పెట్టినా ఎవరూ వచ్చి తీసుకుపోని రెండు సైకిళ్లు. అక్కడ వియన్నాలో నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉంటున్న లైట్నర్ ముసలమ్మా కులాసా అనుకుంటాను.

అసలీ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. పొద్దున కాగితం తీసి, మళ్లీ సొరుగులో పెట్టేసి, పుంజుకి గింజలు వేసి వచ్చాను. అంతలో నీ తమ్ముడు బెనెదెక్ గేటు ముందు వ్యాన్ ఆపి, "బావా, మధ్యాహ్నం పళ్ల ఆస్పత్రికి వచ్చినవాళ్లని వియన్నాలో దింపడానికి పోతున్నా. అక్కకి ఉత్తరం ఉందా, లేకపోతే ఈసారీ 'బాగానే ఉన్నాడు' అని నా నోటితోనే చెప్పిస్తావా?" అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రబడతాయి. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అందుకని కాగితం మళ్లీ బయటికి తీశాను.

ముందు నీ ప్రశ్నలు. తింటున్నావా అన్నావు. తింటున్నాను. పాలల్లో రవ్వ ఉడికించుకుంటున్నాను. బంగాళాదుంప మెత్తగా మెదిపి కాస్త వెన్న వేసుకుంటున్నాను. ఒకరోజు మనసు లాగి, గసగసాలూ చక్కెరా చల్లిన నూడుల్స్ చేసుకున్నాను. అది తప్పయింది. ఎందుకో తర్వాత చెబుతాను. పక్కింటి రొజాలియా పంది కొవ్వు రాసిన రొట్టె, మీద ఉల్లిపాయ ముక్కలు పెట్టి తెచ్చింది. ఆమె వెళ్లాక పుంజుకి పెట్టాను. వాడికి పళ్లు అక్కర్లేదు కదా.

రెండో ప్రశ్న లైట్నర్ ముసలమ్మది. ఆమె కట్టుడు పళ్లు రాత్రిళ్లు తీయనివ్వడం లేదనీ, అంగిలి అంతా ఎర్రబడి సూప్ తాగినా మండుతోందంటోందనీ రాశావు. "మన ఊళ్లో అడుగడుక్కీ పళ్ల డాక్టర్లే కదా, ఎవరినో ఒకరిని అడిగి రాయి" అన్నావు. నిజమే. మన వీధిలోనే ఏడో ఎనిమిదో పళ్ల బోర్డులున్నాయి. రొట్టెల కొట్టు కూడా మూసేసి పళ్ల ఆస్పత్రి పెట్టారు. ఆస్ట్రియా వాళ్లు సరిహద్దు దాటి బస్సుల్లో దిగి, బోసినోళ్లతో వచ్చి, వారం తిరిగేసరికి పింగాణీ కొట్టు అద్దంలా నవ్వుతూ పోతారు. మన ఊరి వాళ్లం మాత్రం వాళ్లని నిలబడి చూస్తాం, నోరు మూసుకుని.

నా చిన్నప్పుడు స్టేషన్ దగ్గర మంగలి ఓదోన్ పళ్లు పీకేవాడు. లోపలి వాడి కేకలు బయట వరసలో కూర్చున్నవాళ్లకి వినబడకూడదని తమ్ముడి చేత అకార్డియన్ వాయించేవాడు. వాద్యం ఎంత జోరుగా సాగితే లోపల పన్ను అంత గట్టిదన్నమాట. మా నాన్న ఆ పాటలన్నీ గుర్తుపట్టి, "ఇవాళ దవడ పన్నురా" అనేవాడు. ఎక్కడినుంచో ఎక్కడికో పోయాను, ఏమీ అనుకోకు.

సరే, నీ ముసలమ్మ కోసం బెనెదెక్ వ్యాన్ నడిపే పళ్ల ఆస్పత్రికే వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నోయెమి నీకు గుర్తుందా? కెస్లర్ వాళ్ల పిల్ల. చిన్నప్పుడు చక్రానికి గాలి కొట్టడానికి కూడా నా దగ్గరికే వచ్చేది. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. పళ్ల సెట్టు రాత్రి తప్పనిసరిగా తీయాలి. మెత్తటి బ్రష్‌తో సబ్బునీళ్లతో తోమి, బాగా కడిగి, చన్నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లు పోస్తే సెట్టు వంకర పోతుంది. అంగిలి మీది ఎరుపు, సెట్టు కింద పట్టిన బూజు లాంటి పొర వల్ల వస్తుంది. దానికి చీకే మందు బిళ్లలుంటాయి, అక్కడి డాక్టరు రాసిస్తాడు. ముసలమ్మ ఒప్పుకోకపోతే, అద్దం తీసేసి అప్పుడు అడగమంది. సెట్టు తీసిన మొహం తనకు కనబడకపోతే సగం మంది ఒప్పుకుంటారట.

ఇంత చెప్పి, "ఇక మీ నోరు తెరవండి బాబాయ్‌గారూ" అంది.

"నాకేమీ లేదమ్మాయ్, నేను మా ఆవిడ తరఫున వచ్చాను."

"ఆమె తరఫునే తెరవండి."

ఇప్పుడు నీ మూడో ప్రశ్నకు వస్తాను. ఫోన్ మోగుతుంటే ఎందుకు తీయడం లేదు, అలిగావా అని అడిగావు. అలగలేదు ఎటెల్కా. తీయలేకపోయాను. ఆ రోజు ఆమె నా పై పళ్లని వేలితో తాకితే, వదులైన మేకుల్లా అటూ ఇటూ ఊగాయి. చిగుళ్ల కింద ఏళ్ల తరబడి గార పేరుకుని, చీము పట్టి, పంటి చుట్టూ ఎముక కరిగిపోయిందట. "గొలుసు తెగిందని సైకిల్ పారేస్తామా?" అన్నాను. "గొలుసైతే వేద్దుము బాబాయ్‌గారూ, ఇక్కడ ఫ్రేమే తుప్పు పట్టింది" అంది. ముందువైపు పై పళ్లన్నీ పీకేసింది. సూది వేసింది కనుక నొప్పి లేదు. అకార్డియన్ కూడా లేదు. గాయాలు మానాక సెట్టు పెడతానంది. గసగసాలు ఆ గుంతల్లో ఇరుక్కుంటే, చివాట్లు పెట్టి, ఉప్పునీళ్లతో కడిగి పంపింది.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. తీసే ముందు వంటింట్లో నిలబడి ఒకసారి నీ పేరు పలికి చూసుకున్నాను. ఈల వచ్చింది. ఇంకోసారి పలికాను, మళ్లీ ఈలే. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అప్పటినుంచీ అంతే. బెనెదెక్‌కి మొదటినుంచీ తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. వాడిని తిట్టకు.

తిట్టాల్సింది ఇంకొక దానికి. పోయిన శీతాకాలం నుంచీ కింది దవడ పన్ను సలుపుతుంటే, నీ తమ్ముడు ప్లమ్ పండ్లతో కాచిన సారా బుగ్గన పెట్టుకుని కూర్చునేవాణ్ని. మింగేవాణ్ని కాదు. సరే, మొదటి గుక్క మింగేవాణ్ని కాదు. మన ఊళ్లో మగవాళ్లందరి పంటి మందు అదే కదా. మా నాన్న చేశాడు, నేను చేశాను. తిమ్మిరెక్కి నొప్పి తగ్గేది. డాక్టరమ్మ బుగ్గ వెనక్కి లాగి, దీపం దగ్గరికి జరిపి చూసింది. మంటకి చర్మం పొంగినట్టు, లోపలంతా తెల్లటి మచ్చ. "ఇది సారా కాల్చిన మచ్చ కావచ్చు, కాకపోవచ్చు. సారా, పొగాకు పైపు రెండూ మానేయండి. కాలినదైతే రెండు వారాల్లో పోతుంది. అప్పుడు మీ బావమరిదిని తిట్టుకుంటే సరిపోతుంది" అంది.

మానేశాను. పైపు కూడా. నమ్మకపోతే వాణ్ని అడుగు. బుగ్గ లోపలి మచ్చ చాలా వరకు పోయింది. నాలుక పక్కన చిన్నది మిగిలింది. తెలుపు మధ్యలో ఎర్రగా ఉంటుంది. అదే ఆమెకు నచ్చలేదు. కాస్త ముక్క తీసి, కుట్టు వేసి, పరీక్షకు గ్యోర్ పట్నానికి పంపింది. ఫలితం ఈ వారంలో వస్తుందట.

ఆ ముక్క తీసిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. వరండాలో నా పక్కన ఆస్ట్రియా దంపతులు కూర్చున్నారు. ఆయన్ని లోపలికి పిలిచినప్పుడు, ఏమీ అనకుండానే కళ్లజోడు, టోపీ తీసి భార్య చేతిలో పెట్టి పోయాడు. ఆమె ఆయన వచ్చేదాకా ఆ టోపీని ఒళ్లో పెట్టుకుని, దాని అంచు దువ్వుతూ కూర్చుంది. తర్వాత నన్ను పిలిచారు. నర్సు, "మీతో ఎవరొచ్చారు?" అంది. ఎవరూ రాలేదన్నాను. ముక్క తీస్తున్నంతసేపూ నా టోపీ నా కడుపు మీదే ఉంది. "టోపీకి అక్కడ గోడకి మేకు ఉంది కదా బాబాయ్‌గారూ" అని డాక్టరమ్మ అంటూనే ఉంది. ఎందుకో తగిలించబుద్ధి కాలేదు.

ఇది చదివి నువ్వు పరుగెత్తుకు రావాలని రాయడం లేదు. ముసలమ్మని నడిమధ్యన వదిలి రావద్దు. ఆమెకీ నువ్వు తప్ప ఎవరూ లేరని నువ్వే రాశావు. ఇక్కడ నాకు పుంజు ఉంది. సాయంత్రాలు షెడ్డులో ఆ రెండు సైకిళ్ల చక్రాలూ తిప్పి వదిలేసి, ఏది ముందు ఆగుతుందా అని చూస్తుంటాను. ఆడవాళ్ల సైకిల్ ఎక్కువసేపు తిరుగుతుంది. రోజులు అలా గడుస్తున్నాయి.

సబ్బునీళ్లు, చన్నీళ్లు. మరిచిపోకు.

ఇట్లు,
పళ్లు లేకపోయినా నీ మొగుడే అయిన
గెర్గెయ్

మడిచిన ఉత్తరం మళ్లీ విప్పి రాస్తున్నాను. ఇప్పుడే డాక్టరమ్మ ఫోన్ చేసింది. నీదేమోనని మోగనిచ్చి, చివర్లో తీశాను. ఫలితం వచ్చిందట. ఏమిటంటే ఫోన్‌లో చెప్పనంది. సోమవారం పొద్దున రమ్మంది, ఒకరిని తోడు తెచ్చుకోమంది. బెనెదెక్ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. శనివారం వియన్నా నుంచి వచ్చేటప్పుడు వాడి పక్క సీటు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. ఎందుకని అడగలేదు. సరే బావా అన్నాడు.