తిరుగుబాటుకు తక్షణ కారణం

చిక్కడపల్లి,
ఆదివారం ఉదయం.

అక్కకు,

తమ్ముడు రఘు నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. కామారెడ్డిలో నువ్వూ బావగారూ బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలి సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయి. ఫోన్లో ఆయన "గట్టిగనే ఉన్న" అంటారు, వెనక నుంచి నువ్వు నవ్వుతావు. నేనేం అర్థం చేసుకోవాలి?

పోయినసారి ఫోన్లో నువ్వు రెండు సంగతులు అడిగావు. నీ మరదలు సుజాత సంవత్సరీకానికి వస్తున్నావా అని ఒకటి. "నా మీద కోపమారా? నేనేమన్న తప్పు జేసిన్నా? ఉన్నఫళంగ ఇల్లిడిచి పోతివి" అని ఇంకొకటి. రెండింటికీ "చూద్దాంలే అక్కా" అన్నాను. ఆ తర్వాత పది రోజులుగా నీ ఫోన్ లేదు. అందుకే ఈ ఉత్తరం. నోటితో చెప్పడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

ముందు నా కబుర్లు. వారం నుంచి ముసురు. నారాయణగూడ వంతెన దగ్గర బస్సులు కదలడం లేదు, అశోక్‌నగర్‌లోని కోచింగ్ సెంటర్‌కు నడిచే వెళ్తున్నాను. అదీ మంచిదే. మెస్సులో పూటకో పప్పు. ఇంటి యజమానురాలు మెట్ల దగ్గర ఆపి, "ఏంది సారూ, గింత బక్కగైతున్నరు? మీ అక్క జూస్తే నన్ను దిడుతది" అని గిన్నెలో చుక్కకూర పెట్టి పంపుతుంది. నిన్ను చూడకుండానే నీకు భయపడుతోంది. బట్టలు ఆరడం లేదు. అంతకు మించి ఇబ్బందులు లేవు. ఆదివారాలు కొంచెం పొడుగ్గా ఉంటాయి. నా గురించి దిగులు పెట్టుకోకు.

కోచింగ్ సెంటర్లో చరిత్ర నాదే. ఒక్కో బ్యాచ్‌కు రెండొందల మంది, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. ఊళ్ల నుంచి వచ్చి, హాస్టళ్లలో గదికి నలుగురేసి ఉండి, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు. వాళ్లకు కథలు వద్దు, పాయింట్లు కావాలి. ఏ తిరుగుబాటైనా ఒకే వరుస: రాజకీయ కారణాలు, ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు, చివర తక్షణ కారణం. తక్షణ కారణానికి ఒక మార్కు.

పోయిన మంగళవారం గోదావరి మన్యం తిరుగుబాట్లు చెప్పాను. తెల్లవాళ్ల పాలనలో కల్లు మీద పన్ను పడింది. ఆ పన్ను వేసిన దొర కొండ ఎక్కడు. వసూలు హక్కు వేలంలో పాడుకున్నవాడు ఎక్కుతాడు, తనకు తోచినంత పిండుకుంటాడు. అడవిలో పోడు కొట్టకూడదన్నారు. రోడ్డు పనికి కూలి ఇవ్వకుండా తోలుకుపోయారు. ఇదేమిటని ఫిర్యాదు చేస్తే జవాబుగా పోలీసులు వచ్చారు, వాళ్లు చాలకపోతే పటాలం వచ్చింది. మొరపెట్టుకోవడానికి ఒక్క మనిషి కూడా మిగలనప్పుడు జనం విల్లు పట్టారు. ఇలా చెప్పి, "తక్షణ కారణం, అరెస్టులు. రాసుకోండి" అన్నాను.

రెండో వరుసలో నాగమణి లేచింది. భద్రాచలం అవతల కొండ పల్లె ఆమెది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల.

"సార్, మా నాయనమ్మ గిట్ల చెప్పలే."

"ఎలా చెప్పింది?"

"పన్నులు గట్టిన్రంట సార్. ఏడ్సుకుంటనే గట్టిన్రు. రోడ్డు పనికి రమ్మంటే పోయిన్రు. సిపాయిలొచ్చి ఊళ్లె మకాం బెట్టిన్రు. కోళ్లు పోయినయి, మేకలు పోయినయి. గప్పుడు గూడ ఊకున్నరు. సొరకాయ బుర్రలల్ల వచ్చే ఏటికి దాసుకున్న జొన్న ఇత్తనాలు తీసి గుర్రాలకు బెట్టిన్రంట. ఇగ ఇత్తనం లేనోడు ఇంట్ల ఎందుకుంటడు సార్? గా దినమే అడివిలకు పోయిన్రు."

వెనక నుంచి నల్గొండ కుర్రాడొకడు, "అక్కా, గది రాస్తే మార్కు పడది. బుక్కుల లేదు" అన్నాడు.

"గుర్రాలు బుక్కు జూసి తిన్నయారా తమ్మీ?" అంది నాగమణి.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది కదా, నాకే కొత్తగా ఉండింది. "పుస్తకంలో లేదు. పరీక్షలో అరెస్టులనే రాయండి. కానీ ఇది కూడా రాసిపెట్టుకోండి" అన్నాను. నాగమణి కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఎందుకో నేను అడగలేదు.

గదికి వచ్చాక ఆ గుర్రాలవాడి గురించే ఆలోచించాను. వాడికి అది బుర్రలో ఉన్న గింజ, అంతే. ఆకలితో ఉన్న గుర్రానికి మేత పెట్టాడు. ఊరు ఎందుకు ఖాళీ అయిందో వాడికి చివరిదాకా తెలిసి ఉండదు. చెప్పినవాళ్లు లేరు.

అక్కా, నీకు కూడా నేను చెప్పలేదు.

హైదరాబాద్‌లో మంచి అవకాశం వచ్చిందని అందరితో అన్నాను. అది అబద్ధం. కాలేజీ లెక్చరర్ పనికి రాజీనామా ఇచ్చాక ఇక్కడ పని వెతుక్కున్నాను. వంటింటి తలుపు వెనక సుజాత సుద్దముక్కతో తేవలసిన సామాన్ల పేర్లు రాసేది. కాలేజీ నుంచి నా చొక్కా జేబులో వచ్చిన ముక్కలే. తెచ్చింది తెచ్చినట్టు వేలితో తుడిపేది. ఆసుపత్రికి వెళ్లిన రోజు కొన్ని తుడపకుండా మిగిలాయి. కర్మ జరిగిన రోజుల్లో ఇంటి నిండా చుట్టాలు. తెల్లవారి లేచి, తలుపు ఓరగా వేసుకుని, ఆ మాటలు చదువుకుని బయటికి వచ్చేవాణ్ని. పదమూడో రోజు చుట్టాలు వెళ్లాక నువ్వు ఇల్లంతా కడిగావు. నేను వచ్చేసరికి తలుపు తడిగా ఉంది. చేతిలో గుడ్డతో "ఇల్లు జర కళ కట్టింది గదరా" అన్నావు. "బాగుంది" అన్నాను. మర్నాడే రాజీనామా ఇచ్చాను.

నిన్ను ఆ సిపాయిలతో పోల్చడం లేదు. వాళ్లు దోచుకోవడానికి వచ్చారు. నువ్వు నీ ఇల్లు బావగారికి వదిలేసి, నెల రోజులు నాకు అన్నం పెట్టడానికి వచ్చావు. వాళ్లకూ తెలియదు, నీకూ తెలియదు. పోలిక అక్కడితో ఆగిపోతుంది. కోపం లేదు అక్కా. ఆ రోజు ఉండిందేమో, అబద్ధమాడను. ఆ ఇంట్లో చదువుకోవడానికి ఇంకేమీ మిగల్లేదనిపించింది, అంతే. నీకు చెప్పి నీ ముందు ఏడిస్తే సరిపోయేది. పది నెలలు పారిపోయాను.

సంవత్సరీకానికి వస్తాను. ముందు రోజే కాచిగూడలో బండి ఎక్కుతాను. ఆ మోకాలితో బావగారిని స్టేషన్‌కు పంపకు. వంట సామాను జాబితా ఫోన్లో చెప్పు, నారాయణగూడ మార్కెట్‌లో కొనుక్కొస్తాను. పెద్ద పిలుపులేవీ పెట్టుకోవద్దు, మనిద్దరం, బావగారు, పంతులుగారు చాలు. మేనత్తకు నా దండాలు చెప్పు. బావగారికి నమస్కారాలు. ఎప్పటిలా నా తల మీద చెయ్యి పెట్టినట్టే ఒక మాట అనుకో, అది ఇక్కడిదాకా వస్తుంది.

ఇంకొక్కటి. తలుపు మీద ఐదు ఉండేవి. మెంతులు, బట్టల సబ్బు, గొడుగు బాగు చేయించాలి, అటక మీది జాడీ దించాలి. నాకు ఈ నాలుగే గుర్తున్నాయి. ఐదోది అడుగున, గొళ్లెం పక్కన, చిన్న అక్షరాల్లో ఉండేది. ఎంత ఆలోచించినా రావడం లేదు. తుడిచే ముందు నువ్వు చదివే ఉంటావు. సుజాత రాత చివరిసారి చదివిన మనిషివి నువ్వే. గుర్తుంటే చెప్పు. గుర్తు లేకపోయినా నేను వస్తున్నాను.

నీ తమ్ముడు,
రఘు