ఆగిపోయిన అలలు

శుక్రవారం, నల్గొండ

అలల మోటారు ఈ రోజు కూడా ఆగిపోయి ఉంది. ఇంట్లోని ఉప్పునీటి చేపల తొట్టిలో నీళ్లను కదిలించేది అదే. మొన్న ఒక చేప చచ్చిపోయింది. వారం నుంచీ దాన్ని మా ఆయనే ఆపేస్తున్నాడని నా అనుమానం. ఆ మోత చికాకని రోజూ గొణుగుతాడు. అందుకే మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే బడి నుంచి ఇంట్లో చెప్పకుండా వచ్చాను. స్విచ్చు మీద ఉన్నది అత్తమ్మ చెయ్యి!

"పొద్దంతా ఎదురీదుతనే ఉన్నయి బిడ్డా. జరసేపు ఆరాం చేస్తయని బంద్ చేస్తున్న."

నీళ్లు కదలకపోతే చేపలకు ఊపిరాడదని చెప్పాను. ఆమె గబుక్కున స్విచ్చు మళ్లీ వేసింది.

"అయితే మొన్నటిదాన్ని నేనే సంపిన్నా?"

"కాదత్తమ్మా, దానికి ముందే రోగముండె."

ఆమె నమ్మినట్టు లేదు. రాత్రి అన్నం సగమే తిన్నది. అబద్ధమాడేటప్పుడు నా కళ్లు ఎటు పోతాయో ఆమెకు తెలుసేమో...