లోపలి అర్ర గాలి

వనపర్తి, డిసెంబర్ 2

ప్రియమైన సత్యమ్మత్తకు,

మీ గుట్ట కింద సిగ్నల్ దొరకదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. మా కాలేజీ వాళ్లం రాష్ట్రమంతా తిరిగి ఇళ్లల్లో రాడాన్ కొలుస్తున్నాం. రాళ్లలోంచి, నేలలోంచి వచ్చే గాలి అది. కనబడదు, వాసన రాదు. మూసిన గదిలో నిండితే ఏళ్ల తరబడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు చెడతాయి. ఈ డబ్బీని మీ పడకగదిలో మూడు నెలలు వేలాడదీసి, తిరిగి పోస్టు చెయ్యి. మధ్యలో ముట్టుకోకు!

నీ మేనకోడలు
ప్రేమలత

అచ్చంపేట, డిసెంబర్ 11

బిడ్డా ప్రేమలతా,

డబ్బీ ముట్టింది. మీ మామ పోయేదాంక పండుకున్న లోపలి అర్రల దూలానికి కట్టిన.

పోయినేడు ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతోటి దవాఖానల ఉన్నప్పుడు డాక్టరు "బీడీలు తాగుతడా" అని అడిగితె, "ఆఁ, దొంగతనంగ తాగుతడు" అని నేనే చెప్పిన. ఆయన మంచం మీదికెల్లి నా దిక్కు చూసి, "ఒక్కటి గూడ తాగలే సత్యమ్మా, నీ మీద ఒట్టు" అన్నడు. మరి ఎన్కట, ఎన్నో ఏండ్ల కింద, అంగి జేబుల దొరికిన బీడీకట్ట ఏంది? పక్కింటి కురుమూర్తిది దాసిపెట్టిన అన్నడు. నమ్ముతనా నేను?

ఆయన అబద్ధం ఆడిండా, లేదా? సచ్చేలోపు నాకు గదొక్కటి తెల్వాలె.

నీ అత్త
సత్యమ్మ

వనపర్తి, ఏప్రిల్ 6

ప్రియమైన అత్తా,

ఫలితం వచ్చింది. ఎట్లా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. ఆ గదిలో ఉండాల్సినదానికి ఆరింతల రాడాన్ ఉంది. మామ జబ్బుకు ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ బీడీ ముట్టనివాళ్లకూ ఈ గాలితో ఆ జబ్బు వస్తుంది.

ఇప్పుడు నా భయమంతా నీ గురించే. అన్నేళ్లు నువ్వూ అక్కడే పడుకున్నావు. వెంటనే బస్సెక్కి రా, దవాఖానలో చూపిద్దాం.

నీ రాక కోసం చూస్తూ
ప్రేమలత

అచ్చంపేట, ఏప్రిల్ 15

బిడ్డా,

నా గురించి పరేషాన్ గాకు. నేను అండ్ల పండుకోలే.

నీ ఉత్తరం పట్టుకొని కురుమూర్తి ఇంటికి పోయిన. "ఆ కట్ట నాదే వదినా. మా పెద్దోడు చూస్తె లొల్లి జేస్తడని అన్న జేబుల పెట్టేటోన్ని" అని తల వంచుకున్నడు. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా అంటె, నువ్వెన్నడు అడగలేదుగా అన్నడు.

అవును, అడగలే. ఆ కట్ట దొరికిన దినమే నా మంచం వసారల వేసుకున్న. నీ పొగ నాకొద్దు, నువ్వు అండ్లనే పండుకో అన్న. పన్నెండేండ్లు, బిడ్డా. ఎండాకాలం ఉడ్కపోస్తుంది, జర బయట పండుకుంట అని బతిమాలినా రానియ్యలే. పొగ వాసన బయటికి రావొద్దని తలుపు గూడ నేనే దగ్గరికేసేదాన్ని.

నిన్న మేస్త్రీని పిలిచి ఆ అర్రకు కిటికీ కొట్టించిన. ఇప్పుడు గాలి బాగ వస్తుంది.

నా మీద ఒట్టేసిండు మీ మామ. ఒట్టు తప్పైతె నేను పోవాలె గదా. చూడు, నేను గట్టిగనే ఉన్న.

సత్యమ్మ